అతికే పని

లాంబీస్ భూమిని చెవితో చూస్తాడు.
ఇనుప చువ్వ దించి, పిడికిలి ఆనించి ఆగుతాడు.
మట్టయితే మెత్తగా మింగుతుంది,
రాయైతే ఎదురు తంతుంది,
సమాధి మూత మాత్రం
కడుపులో మాట దాచుకున్న మనిషిలా
"ఊఁ" అంటుందట.

గోధుమకు చీడ పట్టిన ఏడాది నుంచీ
వాళ్ళ ఊరు దున్నేది రాత్రిపూటే.

ఏథెన్స్‌లో, తోళ్ళ బజారు వెనక గదిలో
గోనె విప్పుతాను.
ఊకలో మట్టి ఆడవాళ్ళు. జానెడు లేరు.
ఒకతెకు విసనకర్ర, ఇంకొకతెకు విరిగిన మెడ.
ముసుగు లాక్కున్న తీరు చూస్తే
ఇప్పుడే ఎవరో పిలిచినట్టుంటారు.
రెండువేల ఏళ్ళ పైమాటే అంటాడు షావుకారు,
ఫ్రాంకులు లెక్కపెడుతూ.

ఈమె తల ఆమెకు. ఆమె చెయ్యి ఈమెకు.
కుందేలు జిగురు, రవ్వంత సున్నం,
అతుకు మీద ఉమ్మితో తడిపిన సమాధి మన్ను.
ప్యారిస్ దొరసానికి అతుకు కనబడకూడదు,
నేను చదివిన చదువంతా అదే.

మొన్నొక ముసలి దాది వచ్చింది.
ఒళ్ళో పసివాడు, వంగిన నడుము,
బోసినోరు కూడా మరవలేదు చేసినవాడు.
"ముసలిదాన్ని ఎవడు కొంటాడు గారుఫల్యా,
తల మార్చు."
మార్చాను. పదహారేళ్ళ మొహం పెట్టాను.
అరువు బట్టల్లో పెళ్ళికొచ్చినదానిలా
ఎటో చూసింది.
మూడొందల ఫ్రాంకులు పలికింది.

ఆ గోతిలో ఇంకేముందని లాంబీస్‌ను అడిగాను.
"చిన్న ఎముకలు. పిల్లాడివి.
దిబ్బలో కలిపేశాం,"
అని, టోపీ తిప్పుతూ రెండో గ్లాసు అడిగాడు.

ముసలి తల నా దగ్గరే ఉంది,
ఉప్పు జాడీలో.
కూర పొయ్యి మీద ఉడుకుతుంటే చెయ్యి పెడతానా,
ఉప్పు కన్నా ముందు
వేలికి దాని ముక్కు తగులుతుంది.