శరదృతువు లేని బీరువా

పెళ్ళిగౌన్లు వేలాడిన చోట
ఇప్పుడొక గంజాయి మొక్క నిలబడి ఉంది.
మోంతెవిదేయోలో, సెర్రో గుట్ట మీద, రెండో అంతస్తులో.
కొక్కేలు పీకలేదు. వాటికే దీపం తగిలించాను.

పేరు రాయించుకోడానికి పోస్టాఫీసుకి వెళ్ళిన రోజు
గాజుపలక వెనక కుర్రాడు అడిగాడు:
ఎన్ని మొక్కలమ్మా?
ఒక్కటే.
ఆరు దాకా పెంచుకోవచ్చు, చట్టం ఒప్పుకుంటుంది.
ఒక్కటే బాబూ, కాకపోతే
అప్పుడప్పుడూ అది ఆరవుతుంది.
ముద్ర వేసేటప్పుడు నవ్వలేదు. వేశాక నవ్వాడు.

దాన్ని తెచ్చింది విల్మార్, బస్సు డ్రైవరు.
కోటుకి జిప్పు కుట్టినందుకు కూలి.
తడి పేపర్లో చుట్టిన వేలెడు కొమ్మ,
చంకలో మాతే ఫ్లాస్కు పక్కన.
మా తల్లిమొక్క కూతురు, జాగ్రత్త అన్నాడు.
కూతురంటే నేనొప్పుకోను.
గింజలోంచి వచ్చేది కూతురు,
తండ్రి ముక్కో మేనత్త కోపమో వెంట తెచ్చుకుంటుంది.
కొమ్మలోంచి వచ్చేది అదే.
అదే మనిషి లేచి
ఇంకో కుర్చీలో కూర్చోవడం.

కొయ్యడం నాకెవరూ నేర్పక్కర్లేదు,
నలభై ఏళ్ళు గుడ్డని క్రాసుగా కోసిన చెయ్యి.
కణుపు కింద, ఏటవాలుగా, ఒక్క వేటు.
కత్తెర నమిలిన అంచు
పట్టుకీ పనికిరాదు, కొమ్మకీ పనికిరాదు.
పెద్దాకుల కొసలు సగానికి తుంచి
నీళ్ళగ్లాసులో నిలబెట్టి
కేకుడబ్బా మూత బోర్లిస్తాను.
మూత లోపల పది రోజులు చెమట.
పదకొండో రోజు ఎత్తి చూస్తే
కింద తెల్లదారం,
సూది లేకుండా బయల్దేరిన దారం.

వేరు దిగినవి మేడ మీదకి పోతాయి.
వాటికి ఎండ ఉంది, నది మీది గాలి ఉంది,
ఏప్రిల్లో పొద్దు కుంచించుకుపోవడం ఉంది.
పూస్తాయి, కోతకొస్తాయి.
బీరువాలోదానికి ఏప్రిల్ లేదు.
పద్దెనిమిది గంటల పగలు,
ఆరు గంటల రాత్రి, టేపుతో కొలిచినట్టు.
రాత్రి పొడుగైతే పూస్తుంది,
పూసిందంటే దాని పని అయిపోయినట్టే.
సాంతా రోసా గాలివానకి కరెంటు పోయిన రెండు రాత్రులూ
రగ్గు కప్పుకుని, టార్చి పట్టుకుని
దాని ముందు కూర్చున్నాను.
బయట ఆగస్టు తలుపులు బాదుతుంటే
ఇంకా ఎండాకాలమే, ఇంకా ఎండాకాలమే అని
ఆకుల మీద అబద్ధం పోస్తూ.

పదకొండేళ్ళు నమ్మింది.

ఈమధ్య పది కొమ్మలు పెడితే ఏడు నల్లబడుతున్నాయి.
కాండం కట్టె అయింది. కుండీ నిండా వేళ్ళే,
నీళ్ళు పోస్తే నిలవడానికి మన్ను లేదు.
నా మోకాళ్ళ సంగతి ఎవరడిగారులెండి.
బతికిన మూడింటిలో ఒకదాన్ని,
కాస్త వంకరదాన్నే,
కొక్కేల కింద నిలబెట్టాను. ఇకమీదట తల్లి అదే.
పాతదాన్ని కుట్టుగదిలోకి ఈడ్చుకొచ్చి
కిటికీకి కోటు లైనింగు కట్టాను, నల్లది, రెండు పొరలు.
పన్నెండు గంటలు వెలుతురు, పన్నెండు గంటలు చీకటి.
మొదటి సాయంత్రం దీపం ఆర్పి
తలుపు వెయ్యబోయి, వెయ్యలేక,
క్షమించు అనలేదు కానీ
ఏదో గొణిగాను.

మూడో వారానికి వెంట్రుకలొచ్చాయి.
ప్రతి కణుపులో రెండేసి, తెల్లగా,
పాపిట్లో నాకు మొదటిసారి కనిపించినట్టే.
దానివి తెల్లగా పుట్టి ఎర్రబడతాయి,
అద్దంలో చూసుకున్నాను, నా వరస వేరు.

ఇవాళ కింది వాటా నెలీదా
మెట్లెక్కి వచ్చి, ముక్కు ఎగబీల్చి
ఏం వండుతున్నావు అంది.
లోపలికి రమ్మన్నాను.
కుట్టుమిషను పక్కన, చీకట్లో,
ఇద్దరం కాసేపు నిలబడ్డాం.
బీరువాలో టైమరు టిక్కుమంది.
దానికింకా డిసెంబరే.