ఇంకో రెండు దినాలు

అత్తా,
నువ్వు లేకుండా ఇది నాలుగో ఒకటో తారీకు.
అయినా ఐదు గంటలకే మెలకువొచ్చింది.
వాకిలి ఊడ్చి, నీళ్లు చల్లి,
నీ మంచం పక్కన కుర్చీ వేయబోయి
ఆగిపోయినా.
మంచం గోడకు నిలబెట్టి ఉండాది,
దాని మీద ప్యాంట్లు ఆరేసినాము.

మొదటి నెల సచివాలయం పిల్లోడు వచ్చినాడు.
మైల ఇంకా తీరలేదు.
గడప దాటకుండా నిలబడి
మెషీను సంచి వీపు వెనక్కి తిప్పుకున్నాడు,
మాకు చూపించకూడని వస్తువేదో ఉన్నట్లు.
"పేరు తీసేయాల్నక్కా" అన్నాడు, నేలతో చెప్పినట్లు.
నీళ్లిచ్చినా. తాగినాడు.
నువ్వయితే బెల్లంముక్క పెట్టి ఇస్తాంటివి.
ఆ మాట వాడు పోయినాక గుర్తొచ్చింది.

నీ వేలితో ఎన్ని పాట్లు!
చెనిక్కాయలు ఒలిచి ఒలిచి
గీతలన్నీ విత్తనాలతో పాటు
భూమిలోకి పోయినాయంటివి.
ముందురోజు రాత్రి నిమ్మచెక్క,
పొద్దున్నే కొబ్బరినూనె,
కొంగుతో తుడుచుకోని, ఊదుకోని పెడితే
మెషీను ఎర్రగా చూసేది.
"నేను బతికే ఉండానని
దీనికెట్ల చెప్పేది మే" అని నవ్వుతాంటివి.
పచ్చదీపం వెలిగేదాకా
పొయ్యి మీద చాయ్ కూడా పొంగేది కాదు.

నాలుగు వేలు.
అంత డబ్బు నీ చేతిలో
ఒక పూట నిలబడింది నేను చూడలా.
కొట్రేశు అంగడి పద్దు,
నాగవేణి బస్సు పాసు, నీ బీపీ మాత్రలు,
నెల మార్చి నెల గ్యాసు.
వక్కాకుకని మిగుల్చుకున్న నూరు రూపాయలు
ఇరవయ్యో తారీకుకు నాకే అప్పిస్తాంటివి.
మళ్లీ అడిగి తీసుకుంటాంటివి కూడా,
లెక్క లెక్కే అని.

ఇప్పుడు చెప్తా విను.
పాసు తీయలేదు.
పాప కొండ కింది దోవన హైస్కూలుకు నడుస్తాంది.
బడిలో గుడ్డు పెట్టిన దినం
రాత్రికి ఆకలి లేదంటుంది.
ఈ అబద్ధం ఎవరి దగ్గర నేర్చిందో నాకు తెలుసు,
నీ పక్కనే కదా పండుకునింది.

ఆయప్పకు ఆర్డర్లు సగమే.
రాయదుర్గమంతా జీన్సే కుడతాంది, కొనేవాళ్లేరీ?
నేను దారాలు కత్తిరించేది
దినానికి నలభై ప్యాంట్లుండె, నూరు చేసినా.
నీలం రంగు గోళ్ల సందుల్లో పోదు,
ముద్దలోకి కూడా దిగుతాంది.
నీ మాత్రలు పదకొండు మిగిలినాయి.
ఎదురింటి మారెక్కకు ఇచ్చినా.
ఇచ్చినా అంటే, అమ్మినా.

కొట్రేశు పుస్తకంలో
పేజీ పైన ఇంకా హొన్నూరమ్మ అనే ఉంది.
కొట్టేసి నా పేరు రాయన్నా అంటే
పెన్ను చెవిలో పెట్టుకోని చాలాసేపు చూసినాడు.
"ఆయమ్మ పేరు మీద ఎంతైనా రాస్తాంటి,
నీ పేరు మీద ఐదునూర్లు" అన్నాడు.
చెడ్డోడేం కాదు,
వాడికీ ఒకటో తారీకులు ఉంటాయి గదా.

ఒకమాట దాచినా అత్తా.
ముప్పయ్యో తారీకు రాత్రి
నీ కాళ్లు చల్లబడతాంటే
నీ కొడుకు గోడ మీది క్యాలెండరు వైపు చూసినాడు.
నేను చూస్తున్నది చూసి
చూపు కిందికి దించుకున్నాడు.
నేనెందుకు ఆ పక్కే చూస్తాంటినో
ఆయప్ప అడగలా.
ఇంతవరకు ఇద్దరమూ ఆ మాట ఎత్తుకోలేదు.

మారెక్కనే బయటికి అనేసింది,
దినాల నాడు, అందరి ముందర:
"ఇంకో రెండు దినాలు ఉండింటే
ఖర్చులకన్నా వచ్చేది, పాపం."
నోటికొచ్చినట్ల తిట్టినా.
తిట్టే నోట్లోనే
అదే మాట నానుతాండె.

పొయిన నెల రేషనంగట్లో
మెషీను నన్ను మూడుసార్లు ఎర్రగా చూసింది.
కట్టరు నొక్కి నొక్కి
బొటనవేలు నున్నగైపోయింది.
ఈ పొద్దు మళ్లీ పోవాల.
నిమ్మకాయ ఐదు రూపాయలంట.
చింతపండు ఇంత నానేసినా.