నూరు మెగాబైట్ల తూము

దాళ్వా కోతలు. రాత్రి తొమ్మిదిన్నర.
అత్తిలి కాలవ గట్టున మిల్లు ముందు
పదకొండు ట్రాక్టర్లు, వాటి మీద ధాన్యం,
ధాన్యం మీద నీలం బరకాలు.
తణుకు వైపు మెరుస్తోంది.

"పొద్దుటి నుంచీ పెట్టెలో బల్లి అరుస్తోందండి, ఆయ్,"
అన్నాడు కాటా గుమస్తా సత్తిపండు.
చెవి ఆనించాను.
టిక్కు. ఆగి, మళ్లీ టిక్కు.
బల్లి కాదు, పాత హార్డ్ డిస్కు.
పదమూడేళ్ల తూకాలు మోసిన పళ్లెం
వెతుక్కుంటోంది, దొరకడం లేదు.
బల్లి పలికితే నిజమే అంటారు.
ఈ రాత్రి దాటదని నాకూ అనిపించింది.

స్కూటీ డిక్కీలోంచి కొత్త డిస్కు తీశాను,
తమలపాకుల కట్టంత మందం కూడా లేదు.
"ఇందులోకేనా అంతా?"
"అంతా."
ఇదొక వింత ఊడ్పు:
నారు పీకకుండానే నాటడం.
మడిలో మొక్క మడిలోనే ఉంటుంది,
అవతల చేను పచ్చబడుతుంది.
నలభై మూడు శాతం దగ్గర ఆగిపోయి
మా ముగ్గురి టీలూ చల్లారాక కదిలింది.

పూర్తయింది. మీట నొక్కాను.
నల్ల తెర. మూలన తెల్ల అక్షరాలు.
బూట్ అయ్యే డిస్కేదీ లేదట.

కేబులు పీకి గుచ్చాను.
బయోస్‌లోకి వెళ్తే తేదీ ఎప్పటిదో జనవరి ఒకటి,
గుండీ సెల్లు ఎప్పుడో చచ్చింది.
సెల్లు మార్చి, వరసలో కొత్త డిస్కుని ముందు పెట్టాను.
నల్ల తెర.
కిటికీ ఊచల్లోంచి కౌలురైతు గంగరత్నం గారు
"తేమ పెరిగిపోద్దమ్మా, ధర కోసేస్తారు," అన్నారు
నెమ్మదిగా, ఎవరినీ అననట్టు.

అప్పుడు తట్టింది. తప్పు నాదే.
తొందరలో సి డ్రైవు ఒక్కటే కాపీ కొట్టాను.
దాని ముందు నూరు మెగాబైట్ల గది ఒకటుంటుంది.
పేరు లేదు, అక్షరం లేదు,
తెరిచి చూసే పని ఎవరికీ పడదు.
ఎకరాలన్నీ రాయించుకుని
తూము రాయించుకోవడం మరిచిపోయాను.
కాలవ నిండా నీళ్లు,
చేలోకి చుక్క రాదు.

మళ్లీ మొదటినుంచి, ఈసారి డిస్కు మొత్తం.
పన్నెండు దాటింది. ఎవరో ట్రాక్టరు కింద గురక.

తెర వెలిగింది!
సత్తిపండు గుమ్మంలోకి పరిగెత్తి
"వచ్చేసిందెహే!" అని కేకేశాడు.
ఇంజిన్లు రెండు మూడు దగ్గాయి.
నేను మాత్రం లేవలేదు.
టిక్కు.
లేచింది పాతదే. తీయకుండా వదిలేశాను దాన్ని.
ఒకే సర్వే నంబరుకి రెండు పాసుపుస్తకాలు
ఒకే బల్ల మీద పెడితే
ఆఫీసువాడు ఒకటి పక్కన పడేయడూ?
కొత్తదాన్ని పడేశాడు.

"ఆపమనండి ఇంజిన్లు," అన్నాను.
ఆ మాట చెప్పడానికి సత్తిపండు బయటికి వెళ్లిన తీరు
ఇప్పటికీ గుర్తు.

పాతదాన్ని పీకి బల్ల మీద పెట్టాను, ఇంకా వెచ్చగా ఉంది.
కొత్తది ఒంటరిగా: మళ్లీ నలుపు.
తూము ఉంది, తలుపు ఎత్తినవాళ్లు లేరు.
పెన్‌డ్రైవు పెట్టి, ఆ చిన్న గదిని
యాక్టివ్ అని గుర్తు వేసి,
బూట్ రికార్డు కొత్తగా రాయించి
మీట మీద వేలు ఉంచి కాసేపు నొక్కలేదు.
రేకు మీద మొదటి చినుకు పడింది.
నొక్కాను.

ఏ చప్పుడూ లేదు.
చప్పుడు లేకుండానే నీలం, ఆ తర్వాత గడియారం,
ఆ తర్వాత కాటా లెక్కల పాత పచ్చ పట్టిక.

"నడవండి కాటా మీద, చూద్దాం," అన్నాడు.
వానలో తడుస్తూ నడిచాను.
అరవై కేజీలు చూపించింది, పదుల్లోనే లెక్క దానికి.
నా అసలు బరువు చెప్పను.

ముందు గంగరత్నం గారి బండి ఎక్కించాం.
చీటీ కరకరమంటూ బయటికొచ్చింది:
నలభై ఎనిమిది వేల రెండొందల పదకొండు.
సాయంత్రం ఆఖరి చీటీ రెండొందల పది.
మధ్యలో ఈ రాత్రికి
నంబరేమీ లేదు.