ఐదింటి నీళ్లు

బ్యూనస్ ఐరిస్‌లో, రెకోలెతా పేటలో,
తొమ్మిదంతస్తుల మేడకి నేను కాపలావాణ్ణి.
తెల్లారి ఐదింటికి కాలిబాట కడగడం నా పని.
ఇరవై ఆరేళ్లుగా కడుగుతున్నాను:
డజను కుక్కల్ని ఒకే పిడికిట తిప్పే కుర్రాడు వదిలిపోయిన తడి,
జకరందా రాల్చిన ఊదారంగు,
విందుల మర్నాటి షాంపేన్ జిగట.

జూన్ నుంచి అక్కడ నెలీదా పడుకుంటోంది.
మూతపడ్డ బొచ్చుకోట్ల దుకాణం ముందు
రెండు తలుపుల ఫ్రిజ్ వచ్చిన అట్టపెట్టె.
ఆ ఫ్రిజ్ ఆరో అంతస్తు వాళ్లది, నేనే మోయించాను.
ఆకాశంకేసి ఉండాల్సిన బాణం గుర్తు
అడ్డంగా పడి నది వైపు చూపిస్తోంది.
గాజుగ్లాసు బొమ్మ, కింద ‘పగులుతుంది, పదిలం’
సరిగ్గా ఆమె తల దగ్గరకొచ్చింది.
ఎవరూ పెట్టింది కాదు, అలా కుదిరింది.
చెప్పులు మాత్రం బయటే విడుస్తుంది.
విడిచిన చోటే గడప.

మంగళవారం కమిటీ కూర్చుంది.
పొమ్మనమని ఎవరూ అనలేదు, మర్యాదస్తులు.
దోన్యా ఎర్సిలియా అంది:
“ఇంకాస్త పెందలాడే కడుగు, రోకే.
కాస్త ఎక్కువ నీళ్లతో.”
పుస్తకంలో రాసుకున్నారు: పరిశుభ్రత.

జూలై చలి. కొళాయి నీళ్లు వేళ్లని కొరుకుతాయి.
ఆ చివర్నుంచి మొదలుపెడతాను.
పక్క మేడ వాళ్ల బాటా కడుగుతాను,
ఎవరూ అడగని చెట్టు పాదుకీ పోస్తాను,
పైపు మెలిక పడిందని విప్పుతూ కూర్చుంటాను.
ఖాళీ బకెట్‌ని రెండుసార్లు తంతాను.

ఆమెకి తెలుసు.
రెండో తన్నుకి లేచి
అంచుకి అంచు కలిపి దుప్పటి మడుస్తుంది,
పెట్టెని నిలబెట్టి చెట్టుకి ఆనిస్తుంది.
బాణం మళ్లీ పైకి.

ఒకరోజు నా చేతిలోని మాతే బుర్ర అందుకుని
“చక్కెర వెయ్యవా?” అంది. మొహం చిట్లిస్తూనే తాగింది.
“నువ్వెక్కడుంటావు?”
మేడ కిందే, బాయిలర్ పక్క గదిలో, అన్నాను.
ఉద్యోగం ఉన్నన్నాళ్లూ.
తన పెట్టెకేసి ఒకసారి, నాకేసి ఒకసారి చూసింది
కొలతలు తీసే దర్జీలా.

ఇవాళ వాన.
ఐదింటికి బయటికొస్తే
చెప్పులు లేవు, పెట్టె లేదు.
ఫ్రిజ్ అంత మేర నేల మాత్రం ఇంకా పొడిగా ఉంది.
లోపలికెళ్లి గొడుగు తెచ్చి
ఆ పొడి మీద పట్టుకుని నిలబడ్డాను.
ఎందుకని అడక్కండి.
పైన ఎవరిదో కిటికీ తెర కదిలింది.
పొడి అంచులు నెమ్మదిగా
లోపలికొస్తున్నాయి.