కప్పీ దీపం

ఇమెరేతి కొండల్లో మా గని ఊరికి
తీగబండ్లు ఆపేసిన ఏడాది
పాత ఇనుము కాటాకి వేస్తుంటే
నానులి వెళ్లి వరుసలో నిలబడింది,
రొట్టెకి నిలబడ్డట్టు, చేతిసంచీతో.

దొరికినవి:
ఒక కప్పీ, గాడి అరిగి నున్నబడింది.
బ్రేకు పిడి.
గంట, నాలుక లేనిది.
ముల్లు ఊడిన ప్రెజర్ మీటరు డబ్బా.
కిలోల లెక్కన డబ్బు కట్టించుకున్నారు.
ముప్ఫై ఒక్కేళ్లు ఆ పిడి పట్టుకున్న చేతికి
తరుగు తీయలేదు.

నేను పక్కవాటా వాణ్ణి, వైర్లు కలపడం వచ్చు.
"బెసో, టంకం పెట్టె తెచ్చుకో.
సలహాలు ఇంట్లో పెట్టి రా."

మూడు రాత్రులు.
కిరసనాయిల్లో నానేసిన మరలు
ఒక్కోటీ మూలిగి మూలిగి వదిలాయి.
గరుకు కాగితానికి తుప్పు లొంగింది గానీ
గాడిలో మాంగనీసు నలుపు లొంగలేదు.
"దాన్ని గోకకు," అంది.
"నా గోళ్లలోదీ పోలేదు."

కప్పీ అడుగున పీటలా కూర్చుంది,
దాని నడుమ గ్రీజు గొట్టం,
పైన డబ్బా, డబ్బాలో బల్బు.
స్విచ్చి దగ్గర తగువొచ్చింది.
పిడి కిందకి నొక్కితే వెలగాలన్నాను,
లోకమంతా అంతే కదా.
"నా చెయ్యి లోకాన్ని అడగదు.
ముందుకి తోస్తే కదలాలి,
నా వైపు లాక్కుంటే ఆగాలి."
అంతా విప్పి మళ్లీ బిగించాను. వేలు చీరుకుంది.
ద్రాక్షసారా తెచ్చి
వేలి మీద కొంచెం పోసింది, గ్లాసులో కొంచెం.

గంటకి నాలుక ఏం పెట్టాలో చాలాసేపు తోచలేదు.
చివరికి అల్మరా వెతికి
కంట్రోలు గది తాళంచెవి వేలాడదీసింది.
ఇప్పుడా గదికి తలుపు లేదు.

రెండుసార్లు మోగించి
(రెండంటే, పై స్టేషనుకి, బయల్దేరిందని)
పిడి ముందుకి తోసింది.

వెలుతురు పడింది
సగం కోసిన ఉల్లిపాయ మీద,
కట్టని బిల్లుల మీద,
ఆమె కళ్లజోడు కాడకి చుట్టిన దారం మీద.
కిటికీ అవతల, తీగలు లేని కొండ.

ఉన్నట్టుండి బల్బు మసకబారింది.
మా వీధి కరెంటు అంతే,
తొమ్మిదయ్యేసరికి సన్నగిల్లుతుంది,
చెప్పబోయాను.
ఆమె చెయ్యి అప్పటికే పిడి మీదుంది,
లాగకుండా, వదలకుండా.

"బరువు పడింది," అంది మెల్లగా.
"ఎవరో ఎక్కారు."