నలభై ఒకటి దగ్గర

గాజు పళ్ళెంలో కోడిపిండపు కణాలు
పక్కపక్కనే పరుచుకుంటాయి.
ఒకదాని అంచు ఇంకొకదానికి తగిలిందో లేదో
ఆగిపోతాయి.
ఇరవై ఏళ్ళుగా చూస్తున్నాను ఈ ఆగడాన్ని.
పంక్తిలో కూర్చున్నవాళ్ళు
మోకాలికి మోకాలు తగలగానే సర్దుకున్నట్టు
చాల్లే, అనుకుంటాయి.

మే నెల. గవర్నర్‌పేట సందులో మా ల్యాబ్.
బయట తారు చెప్పులకు అంటుకుంటోంది.
లోపల ఇంక్యుబేటర్ ముప్పై ఆరు దగ్గర
పిల్లిలా గురక పెడుతోంది.
సోమవారం పళ్ళెంలో చుక్క వేశాను,
కోడి కండలో గడ్డ లేపే పాత వైరస్‌కి
తోబుట్టువు.

గురువారానికి గట్టు తెగింది.
కదురుల్లా సాగి ఉండే కణాలు
గుండ్రంగా ఉబ్బి, అడుగు పట్టు వదిలి
ఒకదాని భుజం మీద ఒకటి, దాని నెత్తిన మరొకటి.
ఒక్క జన్యువు.
ఒకే ఒక్కటి దూరితే
పెరగడం తప్ప ఇంకేమీ గుర్తులేకుండా పోయింది వాటికి.

"ఏం కనపడతంది మేడం?"
సీసాలు కడిగిన చేతులు తుడుచుకుంటూ సైదులు.
జరిగాను.
ఎడమ కన్ను మూసి చాలాసేపు చూశాడు.
నేనే తొందరపడ్డాను:
"వన్‌టౌన్ కొండ మీద ఇళ్ళలా లేవూ?"

అతను తల ఎత్తలేదు.
"మాది అక్కడే. నూట పద్దెనిమిదో మెట్టు.
మేం ఇట్టా కట్టం మేడం.
గోడ లేపేముందు పక్కోళ్ళ కిటికీ చూసుకుంటాం.
వాననీళ్ళకి దారి ఒదుల్తాం.
పాడె మోసే నలుగురూ మళ్ళుకునేంత జాగా
ఒదిలాకే మెట్టు కడతాం.
వీటికి పక్కోళ్ళే లేరు."

నా పోలిక నోట్‌బుక్కులో కొట్టేశాను.
పక్కన అతని మాట రాశాను. పేరుతో సహా.

ఆ జన్యువు పుట్టిల్లు చెప్పాను అప్పుడు.
అది వైరస్ సొంతం కాదు సైదులూ,
ఎప్పుడో ఏ కోడిలోనో దూరి
వచ్చేటప్పుడు మూటగట్టుకొచ్చింది.
కోడిలో ఉంది. నీలోనూ నాలోనూ దాని చుట్టం ఉంది,
ఎప్పుడు కదలాలో ఎప్పుడు పెరగాలో
కణానికి కబురు అందిస్తూ.
మనలో దాని ప్రొటీన్‌కి చివర చిన్న తోక.
పని లేనప్పుడు తోక ముడుచుకుని కూర్చుంటుంది.
వైరస్ ఎత్తుకెళ్ళేటప్పుడు
ఆ కొస తెగిపోయింది.

"గొళ్ళెం ఊడిన తలుపన్నమాట."
నా అరగంట పాఠం ఆ ఒక్క ముక్కలో పట్టింది.

సాయంత్రం ఇంక్యుబేటర్ నలభై ఒకటికి పెంచాను.
కోడి ఒంటి వేడి అది, కణాలకి ఏ బాధా లేదు.
కానీ ఈ తోబుట్టువు జన్యువుకి ఒక లోపం ఉంది,
వేడికి దాని పట్టు జారిపోతుంది.
రాత్రి రెండుసార్లు కరెంటు పోయింది.
రెండుసార్లూ జనరేటర్ తాడు సైదులే లాగాడు.

తెల్లారి చూస్తే
దిగొచ్చాయి.
ఒక్కొక్కటే అడుగుకి ఆనుకుని, సాగి,
పక్కదాని అంచు తడిమి,
ఆగి.

చాలాసేపు లెన్స్ వదల్లేదు సైదులు.
తర్వాత అడిగాడు, లెన్స్‌నే అడిగినట్టు:
"మంగళగిరి దాటాక ఆస్పత్రిలో
మా తిరపతమ్మ చిన్నమ్మకి కరెంటు పెడతన్నారు.
ఆ వేడికి ఇట్టానే సర్దుకుంటయ్యా?"

లేదు.
ఆమె గర్భసంచి ముఖద్వారంలోది వేరే వైరస్.
ఆ కరెంటు వేడి కాదు.
అక్కడ చంపడమే, సర్దిచెప్పడం ఉండదు.
ఇందులో సగమే చెప్పాను.
మిగతా సగం అతను నా ముఖంలో చదువుకున్నాడు.

ప్రయోగం పూర్తవ్వాలంటే
మళ్ళీ ముప్పై ఆరుకి దించాలి,
మళ్ళీ అవి ఒకదాన్నొకటి మర్చిపోవాలి.
అప్పుడే రుజువు.
నా వేలు మీట మీదుంది.

"ఈ పూటకి ఉండనియ్యండి మేడం."

తొమ్మిదింటి రీడింగ్ గడిలో
నలభై ఒకటి అని రాశాను.
కారణం గడి ఖాళీ.