అద్దాల చేను

పొద్దు పొడవక ముందే కడగల్ల.
ఎండెక్కినాక నీళ్లు పోస్తే అద్దం చిట్లుతాదని
సూపర్‌వైజరు పిల్లోడు మొదటిరోజే చెప్పినాడు.
అందుకే నాలుగింటికి టార్చిలైట్లు పట్టుకోని పోతాము
నేనూ, దూదేకుల పీరమ్మా, బోయ మారెక్క కోడలూ.
ఇదే యాళకు ఒకప్పుడు
శెనక్కాయ పెరకను పోతుంటిమి.

నలభై రెండో వరస, పదహారో బల్ల.
దాని కింద మా వంకగట్టు ఉన్నింది.
చెప్తే ఎవురూ నమ్మరు, గుర్తేమీ మిగల్లేదు.
గట్టును బుల్డోజరు నున్నగా దువ్వేసింది,
రేగుచెట్టును వేర్లతో పెరికి లారీకెత్తింది.
కానీ నా పాదానికి తెలుస్తాది.
అక్కడ నేల రవ్వంత మెత్తన,
మా మామ ముప్పై ఏండ్లు
చెరువుమట్టి తోలిన మెత్తన.

అమ్మలేదు మేము. గుత్తకిచ్చినాము.
ఎకరాకింతని ఉగాదికి ముందే
ముదిగుబ్బ బ్యాంకులో పడతాది, తప్పదు.
అబద్ధమెందుకు చెప్పల్ల,
వాన ఏనాడూ అంత నమ్మకంగా రాలేదు.
ఏడు పంటలేస్తే ఇల్లు చేరినవి రెండు.
ఆ ఐదింటి అప్పూ ఈ అద్దాలే తీర్చినాయి.

కంచె అవతల కురుబ మాళప్ప జీవాలు
కమ్మీలకు మూతులానించి నిలబడతాయి.
బల్లల నీడన గరిక మొలిచింది,
మేము కడిగిన నీళ్లు కారి కారి,
ఊర్లో యాడా లేనంత పచ్చగా.
లోపలికి వదిలితే వైర్లు కొరుకుతాయంట.
గేటుకాడ టోపీ పెట్టుకున్నోడు
మాళప్ప తమ్ముని కొడుకే.
పెదనాయన మందతో వస్తే
అటు తిరిగి ఫోను చూసుకుంటాడు.
మొన్న మాత్రం, తెల్లారకముందు,
ఒక సంచి గరిక కోసి కంచె మీదుగా ఇసిరినాడు.
చిన్న సంచి.

ట్యాంకరు నీళ్లు ఎంత తేటగా ఉంటాయో!
ఉప్పుంటే అద్దానికి మచ్చ పడతాదని
ఉప్పు తీసేసిన నీళ్లు.
మా బోరునీళ్లు తాగి పండ్లు గారపట్టినోళ్లం మేము.
ఒకనాడు దోసిలి పట్టి నోట్లో పోసుకున్నా.
ఏ రుచీ లేదు.
"తాగొద్దక్కా, అవి అద్దాలకు" అన్నాడు పిల్లోడు,
మర్యాదగానే.

మంచోడే. ఏలూరు పక్కనోడు.
మబ్బు పట్టిందంటే మాత్రం వాని మొగం మాడిపోతాది,
ఫోన్లో గీత కిందికి దిగతాదంట.
"ఈ దరిద్రపు మబ్బులు" అన్నాడొకసారి.
పీరమ్మ చేతిలో బ్రష్షు ఆగిపోయింది.
ఈ నేల మీద నిలబడి మబ్బును తిట్టిన మనిషిని
మేము అప్పుడే చూడడం.
కప్పను రోకలికి కట్టి ఇంటింటికీ తిరిగినోళ్లం,
కొండెక్కి బండ మీద వరదపాశం పోసి
మోకాళ్ల మీద వంగి నాకినోళ్లం.
ఆ బండ గరుకు నా నాలిక మీద ఇంకా ఉంది.
పీరమ్మ ఏమీ అనలేదు. కడగను మొదలుపెట్టింది,
కొంచెం గట్టిగా.

నిన్న రాత్రి, మృగశిర నడుమ,
వాకిట్లో పండుకోనుంటే నుదుటి మీద ఒక చుక్క.
ఆగి, ఇంకొకటి.
మట్టి వాసన లేచింది.
ఫోను కూడా లేచింది, గ్రూపులో పిల్లోని గొంతు:
"అక్కలూ, వానే కడిగేస్తుంది, రేపు ఎవరూ రావద్దు."
రాకుంటే కూలి లేదు.
మంచం లోపలికి ఈడుస్తా ఈడుస్తా
"ఇప్పుడే రావల్లనా నీకు?" అన్నా.
నోరు దాటినాక వినపడింది నాకు,
ఎవురిని అన్నానో.

పందిరి గుంజకు జడ్డిగం ఏలాడతాంది.
గొర్రు అమ్మినా దాన్ని అమ్మలేదు,
నా చేతితొడుగులు దాంట్లోనే పెట్టుకుంటా.
తడవకుండా తొడుగులు తీసుకున్నా.
జడ్డిగాన్ని తీయబుద్ధి కాలేదు.
గడప మీద కూచోని చాలాసేపు చూసినా.
వాన దాంట్లోకి దిగి
ఆరు బొక్కల్లోంచి ఆరు ధారలుగా
వాకిట్లో సాళ్లు పోస్తాంది.